రాజాబహద్దరు వేంకటరామారెడ్డిగారు

దేహము నశించునది, కీర్తి నిలుచునది అని మన పెద్దల మాట. నిలుచు కీర్తికిని ఒక నివాసము కావలెను. కవికి కావ్యమును, రాజునకు తటాకమును, భక్తునకు దేవాలయమును ఆ నివాసములగుచున్నవి. సర్కారు కొలువున జీవితము గడపినవారికట్టి నివాసము దొరకుట అరుదు. అధికారమున్నన్నాళ్లు వాకిట జనము మూగుదురు. అధికారము తొలగినంతనే పేరును మఱచెదరు. ఇట్లుండగా ఒక సర్కారు ఉద్యోగి పేరును హైదరాబాదు నగరమున నేటికిని రెండు ప్రసిద్ధ సంస్థలు వహించుచున్నవి. ఒకటి నారాయణగూడయందలి స్త్రీల కళాశాల. రెండవది హిమాయత్‌సాగరు చెంతనున్న పోలీసు అకాడమి. విద్యార్థినులకును దండధరులకును ఒక్కరి పేరే యెట్లు తగినదో తెలియవలెనన్న రాజాబహద్దరు వేంకటరామారెడ్డిగారి చరిత్రము తెలియవలెను. దానిని సంగ్రహముగా ఈ మహాసభకు విన్నవించుచున్నాము.

రెడ్డిగారు 1869వ సంవత్సరమున పాలమూరు సీమయందు, వనపర్తి సంస్థానములోని రాయణిపేట గ్రామమున జన్మించిరి. శైశవముననే తల్లిని గోల్పోయి మాతామహి పోషణమున పెరిగిరి. ఆ కాలమున నైజాము రాష్ట్రమున రాజభాష పారసీకమునుండి ఉర్దూకు మారుచుండెను. తెలుగు ఇంటిభాష మాత్రమే. కొలువు గోరు పల్లెటూరి బాలుడు ఆ పరభాషలను పట్టుదలతో నేర్వవలసినదే. రెడ్డిగారు వానిని నేర్చిరి. కన్నడ మహారాష్ట్ర భాషలయందును వ్యవహారజ్ఞానము గడించిరి. అయినను తెలుగును విడువలేదు.

ఇరువదియేండ్లు నిండకమునుపే వారు పోలీసుశాఖలో అమీనుగా ప్రవేశించిరి. అది చిన్న కొలువు. కాని పల్లెజనుల కంటికి సర్కారనగా అమీనే. దొంగకును దొరకును నడుమ నిలుచువాడు, లంచమునకు లొంగినచో ఊరు చెడును, లొంగనిచో పై అధికారికి కంటగింపగును. ఈ కత్తివాదరపై నడచి రెడ్డిగారు క్రమముగా జిల్లా మొహతమీము పదవికి వచ్చిరి. తరువాత రాజధానికి నాయబు కొత్వాలుగా పిలువబడి, 1920లో నగర కొత్వాలైరి. నైజాము పాలనమున ఆ పదవినందిన తొలి హిందువు వీరే.

కొత్వాలు పదవి యెట్టిదో నేటి యువకులకు కొంత వివరింపవలసియున్నది. నగరమున శాంతిరక్షణ, చౌర్యనివారణ, ఉత్సవములయందు జనుల కట్టుబాటు, ఇవియన్నియు కొత్వాలు బాధ్యతలే. నగర వృత్తాంతమును అతడు ప్రభువునకు స్వయముగా నివేదింపవలెను. మొహరమునకును గణేశోత్సవమునకును ఒక్క కన్నుతో చూడవలెను. 1922లో ఇంగ్లాండు యువరాజు హైదరాబాదునకు విచ్చేసినపుడు నగర రక్షణభారము వీరిపైననే యుండెను. పదునాలుగేండ్లు ఇంత బరువు మోసి, 1934లో విరమించుకొనిరి. రాజాబహద్దరు బిరుదము ప్రభువిచ్చినది. కొత్వాలు వేంకటరామారెడ్డి యను వాడుకపేరు జనులిచ్చినది. రెండవదియే నేటికిని జనుల నోట నిలిచియున్నది.

అయినను కొత్వాలుగిరి యొక్కటియే యైనచో వారి పేరు దఫ్తరులతోనే ముగిసియుండును. దానిని నిలిపినది 1918లో వారు ముఖ్యులుగా నిలిచి స్థాపించిన రెడ్డి హాస్టలు. ఆ సంవత్సరముననే ఉస్మానియా విశ్వవిద్యాలయమును వెలసినది. విద్యకు ద్వారము తెఱువబడినది గాని, పల్లెనుండి వచ్చిన బాలుడు రాత్రి యెక్కడ పరుండవలెను? ఎవరింట భుజింపవలెను? బంధువుల ఇంట వారములు చెప్పుకొని, సత్రముల అరుగులపై చదివి, కడకు విసిగి ఊరికి మరలినవారెందఱో. ఈ కష్టము నెఱిగిన రెడ్డిగారు సంస్థానాధీశులను, దేశముఖులను, భూస్వాములను ఆశ్రయించి ధనము సేకరించిరి. కొత్వాలు అడిగినచో భయముచేత నిచ్చువారుందురు. భయముతో నిచ్చినది ఒక్కసారితో ఆగును. ఏటేట ఇచ్చుటకు నమ్మకము కావలెను. హాస్టలు నిలిచి పెరిగినదనుటయే ఆ నమ్మకమునకు సాక్ష్యము. పేరు రెడ్డి హాస్టలైనను ఇతర కులముల విద్యార్థులకును అందు చోటు దొరకినదని మనవారు మఱవరాదు.

ఆ గృహమునుండి వెలువడిన ఫలములను జూడుడు. గోలకొండ పత్రికాస్థాపకులును, 1930లో జోగిపేటయందు జరిగిన ప్రథమాంధ్ర మహాసభకు అధ్యక్షులునైన సురవరం ప్రతాపరెడ్డిగారు ఈ హాస్టలునకు కార్యదర్శిగా పనిచేసిరి. వారే 1939లో రెడ్డిగారి జీవితచరిత్రమును రచించిరి. తెలంగాణా రైతుపోరాట నాయకులైన రావి నారాయణరెడ్డిగారు ఇచ్చట విద్యార్థిగా నుండిరి. ఇందొక విచిత్రము గలదు. రెడ్డిగారు కొలిచినది ఏకచ్ఛత్ర ప్రభుత్వమును. 1929లో సభలు జరుపుటకు ముందుగా అనుమతి పొందవలెనను ఆజ్ఞ వెలువడినపుడు నగర కొత్వాలు వారే. ఆ శాసనము వారు చేసినది కాదు; కాని దాని నీడలోనే వారి ఉద్యోగము సాగినది. దీనిని దాచుట చరిత్రకు న్యాయము కాదు. అట్టి కొత్వాలు కట్టించిన గృహమున తిని, చదివి, ఎదిగినవారే ఆ ప్రభుత్వము నెదిరించిరి. తాము వేసిన విత్తనము ఏ వృక్షమగునో రెడ్డిగారు ఎఱుగకపోవచ్చును. విత్తనము నిచ్చునపుడు మాత్రము వారు లెక్క చూచుకొనలేదు.

లెక్క చూడవలసినచోట మాత్రము వారు కడుజాగరూకులు. కొత్వాలుగిరి విరమించిన పిదప నైజాము ప్రభువు వారిని సర్ఫెఖాసునకు ప్రత్యేకాధికారిగా నియమించెను. సర్ఫెఖాసనగా ప్రభువు స్వంత భూముల వ్యవహారము. దాని రాబడి రాష్ట్ర ఖజానాకు గాక నేరుగా ప్రభువునకే చెందుచుండెను. 1949లో అది ప్రభుత్వమున విలీనమైనది. ఇట్టిచోట దండము కంటె గణితమునకే పని యెక్కువ. ధనమపహరించు మార్గములు నలువది గలవని కౌటిల్యుడు అర్థశాస్త్రమున పేరుపేరున లెక్కించెను. పోలీసుశాఖయందు తలపండినవారికి ఆ నలువదియు కొత్త కావు. అఱువదియేండ్లు దాటిన ప్రాయమున ప్రభువు ధనమును కావలి కాయుటకు పిలువబడుట, వారి చేతిశుద్ధికి లభించిన యోగ్యతాపత్రమని మేము భావింతుము.

స్త్రీవిద్యయందును వారి దృష్టి పరిపూర్ణము. 1928లో మాడపాటి హనుమంతరావుగారు నారాయణగూడయందు తెలుగు బాలికల పాఠశాలను స్థాపించినపుడు రెడ్డిగారు దానికి అండగా నిలిచిరి. పల్లెబాలికలు నగరమున నిర్భయముగా వసించి చదువుకొనుటకు వసతిగృహ మేర్పడుటకును తోడ్పడిరి. కొత్వాలు కాపున్న ఇంటికి కూతును పంపుటకు తండ్రికి జంకేల?

1953వ సంవత్సరము జనవరి 25వ తేదీన రెడ్డిగారు పరమపదించిరి. మరుసటి యేడు, 1954లో, వారి పేరిట స్త్రీల కళాశాల వెలసినది. నారాయణగూడలో వారి విగ్రహమును నిలుపబడినది. తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిమ్మట పోలీసు అకాడమికి వారి పేరు పెట్టబడినది. నేడు శిక్షణకు వచ్చు ప్రతి యువ పోలీసును ఆ పేరున్న ద్వారము గుండానే లోనికి పోవును.

మహాజనులారా, మన సంఘమునకును భవనములు గలవు. ఇంకను కట్టవలసినవియు గలవు. ఏ గోడపై ఎవరి పేరుండవలెనను చర్చ ప్రతి సభయందును వచ్చుచునే యున్నది. ధనమిచ్చిన దాతలు వందనీయులే. వారి పేళ్లు వ్రాయుడు. కాని భవనమునకు పెట్టు ముఖ్యనామము ధనమిచ్చినవానిది గాక, ధనమును కాపాడినవానిది, దానిని తగినచోట వెచ్చించినవానిది కావలెనని మా మనవి. పేరు పెట్టి మఱచుట విగ్రహమునకు పూజ మానుట వంటిది. ప్రతి వార్షికసభయందును వసతిగృహముల ఆయవ్యయ పట్టికను అందఱి యెదుట చదివించుడు. రుసుము చెల్లింపలేని బాలుడు గాని బాలిక గాని వాకిటినుండి మరలిపోకుండ ఒక నిధి నేర్పఱచుడు. మన కులమువాడు కాడను మాట ఆ వాకిట వినబడనీయకుడు.

ఇట్లు చేసినచో వేంకటరామారెడ్డిగారి పేరు గోడపై గాక మన నడవడియందు చెక్కబడును. శుభం భూయాత్.