గుమాస్తా జీవితాన్ని రంగస్థలమెక్కించిన నాటకకర్త ఆచార్య ఆత్రేయ

తెలుగు సాంఘిక నాటకానికి కొత్త ఊపిరి పోసి, అనంతరం చలనచిత్ర రచయితగా మూడున్నర దశాబ్దాలకు పైగా ప్రేక్షకుల హృదయాలను ఏలిన సాహితీమూర్తి ఆచార్య ఆత్రేయ. 'మనసు కవి'గా ఆయన సుప్రసిద్ధులు. అయితే ఆ కీర్తికి పునాది పడింది నాటక రంగంలోనే.

ఆత్రేయ అసలు పేరు కిళాంబి వెంకట నరసింహాచార్యులు. 1921 మే 7న నాటి నెల్లూరు జిల్లా సూళ్లూరుపేట ప్రాంతంలోని మంగళంపాడులో జన్మించారు. తమ గోత్రనామాన్నే కలం పేరుగా స్వీకరించారు. విద్యార్థి దశలోనే నాటకాల పట్ల ఆకర్షితులయ్యారు. క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని కారాగారవాసం అనుభవించారు. తదుపరి జీవనోపాధి కోసం సెటిల్‌మెంట్ కార్యాలయంలో గుమాస్తాగా, 'జమీన్ రైతు' పత్రికలో సహాయ సంపాదకులుగా, ఆంధ్ర నాటక కళా పరిషత్తులో వేతన కార్యదర్శిగా పనిచేశారు. చాలీచాలని జీతంతో నెల గడపడం ఎంత కష్టమో ఆయనకు స్వానుభవమే.

ఆ అనుభవం నుండి రూపుదిద్దుకున్న నాటకం 'ఎన్.జి.ఓ.'. ప్రభుత్వ యంత్రాంగానికి వెన్నెముక వంటి నాన్ గెజిటెడ్ ఉద్యోగి ఇందులో కథానాయకుడు. పౌరాణిక పద్యనాటకాలు రాజ్యమేలుతున్న కాలంలో, రాజులకు, దేవతలకు బదులు ఒక సామాన్య గుమాస్తాను రంగస్థలంపై నిలపడం సాహసమే. పరువుగా కనిపించక తప్పని ఉద్యోగం ఒకవైపు, ఇల్లు గడవని జీతం మరొకవైపు, నిజాయితీని వీడరాదన్న పట్టుదల ఇంకొకవైపు ఆ ఉద్యోగిని నలిపివేసే తీరును ఆత్రేయ నిత్యవ్యవహార భాషలో చిత్రించారు. నినాదాలకు తావివ్వక, ఇంటి నాలుగు గోడల నడుమ జరిగే సంభాషణలతోనే సమస్య తీవ్రతను ప్రేక్షకులకు తెలియజెప్పారు. పరిషత్తు పోటీలలో బహుమతి పొందిన ఈ నాటకం ఆధారంగా 1953లో చిత్తూరు నాగయ్య ప్రధాన పాత్రధారిగా 'గుమాస్తా' చలనచిత్రం వెలువడింది.

దేశ విభజన అనంతరం చెలరేగిన మతవిద్వేషాలను 'ఈనాడు' నాటకంలోను, యుద్ధం తెచ్చిపెట్టే వినాశనాన్ని 'విశ్వశాంతి'లోను ఆయన ఇతివృత్తాలుగా తీసుకున్నారు. 'పరివర్తన', 'కప్పలు', 'భయం' ఆయన ఇతర రచనలలో ప్రసిద్ధమైనవి.

1951లో విడుదలైన 'దీక్ష' చిత్రంతో ఆయన సినీ గీత రచయితగా ప్రవేశించారు. 'అర్ధాంగి' (1955), 'తోడికోడళ్లు' (1957), 'మూగమనసులు' (1964), 'ప్రేమనగర్' (1971), 'మరోచరిత్ర' (1978), 'అభినందన' (1988) వంటి చిత్రాలు ఆయన రచనా పటిమకు నిదర్శనాలు. 1961లో 'వాగ్దానం' చిత్రానికి దర్శకత్వం వహించారు. వెయ్యికి పైగా పాటలు రచించారు. పాట అందించడంలో ఆయన చేసే జాప్యం నిర్మాతలను ఎంతగా కలవరపరచినా, చేతికందిన పాట ఆ నిరీక్షణను మరపించేదని చిత్రసీమలో ప్రతీతి. నాటక సంభాషణలో అలవరచుకున్న క్లుప్తతయే పాటలోనూ ఆయనకు బలమైంది. నిఘంటువు అవసరం లేని చిన్న మాటలలో ఆయన లోతైన వేదనను ఇమిడ్చారు. 'తొలికోడి కూసింది' చిత్రంలోని గీతానికి 1981 సంవత్సరపు ఉత్తమ గీత రచయితగా రాష్ట్ర ప్రభుత్వ నంది పురస్కారం అందుకున్నారు.

1989 సెప్టెంబర్ 13న ఆత్రేయ కన్నుమూశారు. ఆయన మిత్రులు, ప్రముఖ నటులు కొంగర జగ్గయ్య చొరవతో ఆయన రచనలు 'ఆత్రేయ సాహితి' పేరిట ఏడు సంపుటాలుగా వెలువడ్డాయి. పాటలు నేటికీ వాడవాడలా వినిపిస్తున్నా, నాటకాలను ఎరిగినవారు తక్కువ. ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాల వెనుక కూర్చున్న మనిషికీ ఒక ఇల్లు, ఒక ఆకలి, ఒక ఆత్మగౌరవం ఉంటాయని తెలుగు రంగస్థలంపై చాటిన రచయితగా ఆచార్య ఆత్రేయ చిరస్మరణీయులు.