చిత్తరువునకు చిక్కిన చోరుడు

షెర్లాకు హోమ్సు కథలను చదివినవారు ప్రొఫెసరు మోరియార్టీని మరువజాలరు. గణితశాస్త్రమున ఉద్దండుడు, లండను నగరమున జరుగు ఘోరములలో చాలభాగము ఆతని పన్నుగడలే, అయినను ఆతని చేతికి మరక యంటదు. హోమ్సును చంపి ఆ కథల బెడద వదలించుకొనగోరిన కోనన్ డాయిలు, అట్టి నాయకుని కూల్చుటకు తగిన ప్రతినాయకుడు కావలసివచ్చి, 1893 డిసెంబరులో వెలువడిన కథలో ఈతనిని నిలిపెను. అందు ఈతడు కనబడునది కొలది పుటలలోనే. హోమ్సు ఈతనిని నేరలోకపు నెపోలియనని పేర్కొనును. ఆ బిరుదమునే స్కాట్లండు యార్డు అధికారి రాబర్టు ఆండర్సను ఒక నిజమైన దొంగకు ఒసగెనని చెప్పుదురు. ఆ దొంగ పేరు ఆడమ్ వర్తు. మోరియార్టీకి మూలపురుషుడు ఈతడేయని పలువురు విమర్శకుల అభిప్రాయము.

వర్తు 1844లో జర్మనీదేశమున ఒక యూదు కుటుంబమున పుట్టెను. ఐదేండ్ల ప్రాయమున తల్లిదండ్రులతో అమెరికా చేరెను. తండ్రి మసాచుసెట్సులోని కేంబ్రిడ్జి పట్టణమున దర్జీపని చేసి కుటుంబమును పోషించెను. కుమారుడు పదేండ్లకే ఇల్లు విడిచెను. అంతర్యుద్ధమున సైన్యమున చేరి, 1862 ఆగస్టులో రెండవ బుల్‌రన్ యుద్ధమున గాయపడి ఆసుపత్రిలో నుండగా, పొరపాటున ఆతని పేరు మృతుల పట్టికలో చేరెను. చచ్చినవానికి చట్టముతో పనియేమి? మారుపేరుతో పటాలమున చేరుట, చేరినందులకిచ్చు బహుమానధనమును పుచ్చుకొని పారిపోవుట, మరియొక పేరుతో మరల చేరుట—ఇదియే ఆతని తొలి వృత్తి. పిదప న్యూయార్కులో జేబులు కొట్టెను. సింగ్‌సింగ్ చెరసాలకు పోయి అచటినుండి తప్పించుకొనెను.

1869 నవంబరులో బోస్టనులోని బాయిల్‌స్టను బ్యాంకును ఆనుకొనియున్న ఇంటిని అద్దెకు తీసికొని, బలవర్ధక ఔషధముల సీసాలను కిటికీలో పేర్చి, వాని మాటున గోడ తొలిచి ఆతడును, ఆతని సహచరుడు చార్లీ బులార్డును బ్యాంకును కొల్లగొట్టిరి. డాయిలు వ్రాసిన ఎర్రజుట్టువారి సంఘము కథ చదివినవారికి ఈ పన్నుగడ క్రొత్తగా తోచదు. ఆ సొమ్ముతో ఇరువురును ఇంగ్లండు చేరిరి. అచట వర్తు పెట్టుకొన్న పేరు హెన్రీ రేమండు. అది ఆ యేటనే మరణించిన న్యూయార్కు టైమ్సు పత్రికా సంస్థాపకుని పేరు! పారిసులో కొంతకాలము పానశాల పేర జూదగృహము నడపి, తుదకు లండనులో స్థిరపడెను.

పిక్కడిల్లీలో నివాసము, పందెపు గుర్రములు, విహారనౌక—ఇవి లోకమునకు కనబడు రేమండు దొర వైభవము. చాటున దొంగల కూటమి. పని మధ్యవర్తుల ద్వారా నడచును. అట్టడుగున పనిచేయువానికి పై వాని పేరైనను తెలియదు. ఆయుధము పట్టరాదనునది ఆతని కట్టడి. ఇన్‌స్పెక్టరు జాన్ షోరు ఏండ్ల తరబడి వెంటాడియు ఆతనిని పట్టుకొనజాలకపోయెను.

1876లో ఆగ్న్యూ సంస్థవారు గెయిన్స్‌బరో చిత్రించిన డెవన్‌షైరు డచ్చెసు జార్జియానా చిత్తరువును 10,000 గినీలకు పైబడిన వెలకు వేలములో కొని, ఓల్డ్ బాండు వీధిలోని తమ చిత్రశాలలో ప్రదర్శించిరి. వర్తు తమ్ముడు జాన్ అప్పుడు చెరలో నుండెను. చిత్తరువును హరించినచో, దానికై ఆగ్న్యూవారే తమ్మునికి జామీను నిలుతురని వర్తు తలచెను. మే 25వ తేదీ రాత్రి, పొట్టివాడగు వర్తు ఆజానుబాహువగు అనుచరుని భుజములపైకెక్కి, కిటికీగుండ లోన ప్రవేశించి, పటమును చట్రమునుండి కోసి తెచ్చెను. తీరజూడ, తమ్ముడు వేరుమార్గమున అదివరకే విడుదల పొందెను!

ఇక ఆ పటముతో ఆతనికి పనిలేదు. అమ్మజూపినచో పట్టుబడును. తోడిదొంగలు సొమ్ముకై వేధించిరి. వారికి డబ్బిచ్చి వదలించుకొనెనే గాని పటమును మాత్రము వదలలేదు. దొంగ అడుగున్న పెట్టెలో దాచి, ఇరువదియైదేండ్లు దానిని కాపాడెను. కత్తివంటి బుద్ధి గల ఆ మనుష్యుడు చేసిన పనులలో యుక్తికందనిది ఇదియొక్కటే. డాయిలు కూడ ఈ సంగతి ఎరిగియుండెనేమో! 1914లో ప్రకటితము కాజొచ్చిన భయపు లోయ నవలలో, ఏటికి 700 పౌనుల జీతముగల మోరియార్టీ గదిలో గ్రూజు చిత్రమొకటి వ్రేలాడుచుండును. దాని వెల యెంతయుండునో తెలుపుటకై హోమ్సు అదే చిత్రకారుని మరియొక పటమును పేర్కొనును: గొర్రెపిల్లతోనున్న బాలిక. ఫ్రెంచిలో గొర్రెపిల్ల పేరును అక్షరములలో చూచినచో ఆగ్న్యూ పేరు స్ఫురింపక మానదు. అయితే మోరియార్టీ తన చిత్తరువును గోడకు తగిలించుకొని చూచుకొనగలిగెను. వర్తునకు ఆ భాగ్యమును లేదు.

1892 అక్టోబరులో బెల్జియములోని లియేజి నగరమున డబ్బు బండిని దోచబోయి వర్తు పట్టుబడెను. తాను పేరు చెప్పకున్నను పాతవైరి మాక్స్ షిన్‌బర్ను గుట్టు విప్పెను. 1893 మార్చిలో ఏడేండ్ల శిక్ష పడెను. మోరియార్టీ జలపాతమున పడిన సంవత్సరమును, ఈతడు చెరలో పడిన సంవత్సరమును—పాఠకుల దృష్టిలో—ఒక్కటే. భర్త చెరలోనుండగా ఆతని భార్యను పాత అనుచరుడొకడు వంచించి విడిచిపోయెను. ఆమెకు మతి చలించి పిచ్చాసుపత్రి పాలయ్యెను. బిడ్డలు అమెరికాలో తమ్ముని ఇంట పెరిగిరి. మోరియార్టీకి ఆలుబిడ్డలను ఈయకుండుటచే డాయిలు ఆతనిని భయంకరుని చేయగలిగెను, దయనీయుని చేయజాలకపోయెను.

1897లో విడుదలైన వర్తు రెండేండ్లకు చికాగోలో, తనను చిరకాలముగా ఎరిగిన డిటెక్టివు విలియం పింకర్టనును తానై పోయి కలిసికొనెను. ఆతని మధ్యవర్తిత్వమున 1901 మార్చి 28వ తేదీన అదే నగరమున చిత్తరువు ఆగ్న్యూవారి చేతికి చేరెను. దానికి ప్రతిగా వర్తునకు 25,000 డాలర్లు ముట్టినవందురు. 1902 జనవరి 8వ తేదీన ఆతడు లండనులో మరణించెను. హైగేటు శ్మశానమున రేమండు పేరుతోనే ఆతనిని పాతిపెట్టిరి. ఆతని కుమారుడు పెరిగి పింకర్టను సంస్థలో డిటెక్టివుగా చేరెను.