గొంతు నొప్పికి నెత్తురు తీశారు

మేముండే షాంటిలీ, జార్జి వాషింగ్టన్ కన్నుమూసిన మౌంట్ వెర్నన్, రెండూ ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీలోనివే. ఇండియా నుంచి చుట్టాలొస్తే పొటోమాక్ ఒడ్డున ఉన్న ఆ ఇల్లు చూపిస్తాం. అమెరికా తొలి అధ్యక్షుడు అక్కడ ఎలా పోయాడో మాత్రం చాలామందికి తెలీదు.

ఆయన 1732లో వర్జీనియాలోనే పుట్టారు. పదకొండేళ్లకే తండ్రి పోయారు. పెద్ద చదువుల్లేవు. పదహారేళ్లకే భూములు కొలిచే సర్వే పనిలో దిగారు. 1751లో బార్బడోస్ వెళ్తే మశూచి సోకింది, ఎలాగో బతికారు. ఆ బాధ తెలిసిన మనిషి కాబట్టే 1777లో సేనాధిపతిగా సైనికులకు మశూచి రాకుండా మందు వేయించారు. అప్పటికి జెన్నర్ టీకా రాలేదు. రోగి పొక్కులోని రసాన్నే చర్మం గీరి ఎక్కించేవారు. వింటే ఒళ్లు జలదరిస్తుంది. కానీ అది సైన్యాన్ని కాపాడింది.

రోగమొస్తే నెత్తురు తీయించడం మీదా ఆయనకు గట్టి నమ్మకమే.

1799 డిసెంబర్ 12న మంచులో, వానలో గుర్రమెక్కి పొలాలు తిరిగి, తడిబట్టలతోనే భోజనానికి కూర్చున్నారు. మర్నాడు గొంతు నొప్పి. 14 తెల్లవారుజామున ఊపిరాడలేదు. డాక్టర్ రాకముందే పొలం మేస్త్రీని పిలిపించి నెత్తురు తీయించుకున్నారు. భార్య మార్తా వద్దంటున్నా ఇంకా తీయమన్నారు. బెల్లపు పాకం, వెనిగర్, వెన్న కలిపి ఇస్తే గొంతు దిగలేదు. మెడ మీద బొబ్బలెక్కించే పురుగుల మందు రాశారు. ముగ్గురు డాక్టర్లొచ్చారు. మొత్తం నాలుగుసార్లు, రెండు లీటర్లకు పైనే నెత్తురు తీశారు.

ముగ్గురిలో చిన్నవాడు ఎలిషా డిక్. ఇక నెత్తురు తీయొద్దు, గొంతు కింద రంధ్రం చేసి గాలికి దారిద్దాం అన్నారు. పెద్దలు వినలేదు. రాత్రి పది దాటాక వాషింగ్టన్ పోయారు. వయసు 67. గాలిగొట్టానికి మూతలా ఉండే భాగం వాచి ఊపిరి ఆగిందని ఇప్పటి వైద్యుల్లో ఎక్కువమంది మాట. అంటే డిక్ చెప్పిందే సరైన దారి.

రెండు వైద్యాలూ వింతవే. తేడా ఒక్కటే. మశూచి మందుకు 1721లోనే బోస్టన్‌లో లెక్క కట్టారు. మామూలుగా సోకినవారిలో ఏడుగురికి ఒకరు పోతే, మందు వేయించుకున్నవారిలో వందకు ఇద్దరు ముగ్గురే పోయారు. నెత్తురు తీయడానికి మాత్రం 1830ల్లో పారిస్‌లో పియర్ లూయీ కట్టేదాకా సరైన లెక్క లేదు. ఆ లెక్కలో దాని మేలు పెద్దగా తేలలేదు.

డ్యూటీ పోతుందనో, బిల్లు అవుతుందనో చిట్కాలతో నెట్టుకొచ్చే అన్నదమ్ములకు ఒక్క మాట. గొంతు నొప్పితో ఊపిరాడకపోయినా, ఉమ్మి మింగలేకపోయినా, ఆగకండి. వెంటనే ఆస్పత్రికి పోండి.