తృణశాస్త్రవేత్రి ఆగ్నెస్ ఛేస్

వరి, జొన్న, చెఱకు, వెదురు ఇవన్నియు గడ్డి కుటుంబములోనివే. మనము అనుదినము త్రొక్కి నడచు గరికయు ఆ కుటుంబములోనిదే. మానవునికి అన్నము పెట్టు ఈ తృణములను గుర్తించుటకై తన ఆయువునంతయు ధారవోసిన అమెరికా విదుషీమణి ఆగ్నెస్ ఛేస్ చరిత్రము విద్యార్థులు తెలిసికొనదగినది.

ఆమె 1869వ సంవత్సరమున ఇల్లినాయి రాష్ట్రమున జన్మించెను. అచ్చట ప్రెయరీలని పిలువబడు గడ్డిమైదానములు పూర్వము రమారమి 2 కోట్ల 20 లక్షల యెకరముల మేర వ్యాపించియుండెను. ఉక్కు నాగళ్లు వచ్చిన పిమ్మట ఆ నేల మొక్కజొన్న పొలములుగా మాఱెను. అందు చెడక నిలిచినది నేడు సుమారు పదివేలవ వంతు మాత్రమే. అదియు పాత శ్మశానవాటికలయందును, రైలుమార్గముల ప్రక్కలను తునుకలు తునుకలుగా నున్నది.

ఆగ్నెస్ పసితనముననే తండ్రి గతించెను. తల్లి బిడ్డలతో చికాగో నగరము చేరెను. బీదతనముచే ఆగ్నెస్ చదువు చిన్నతరగతులతోనే ముగిసెను. ఆమె అచ్చుకూటమున అక్షరములు కూర్చుచు, ప్రూఫులు దిద్దుచు జీవనము గడపెను. 1888లో విలియం ఛేస్ అను పత్రికా సంపాదకుని వివాహమాడెను. ఏడాదికే అతడు క్షయరోగముచే మరణింపగా, ఇరువది యేండ్లైన నిండని ఆమెకు వైధవ్యమును అప్పులును మిగిలెను.

కొన్నియేండ్లకు ఆమె మనస్సు మొక్కలవైపు తిరిగెను. తీరిక దినములలో వానిని సేకరించుచుండగా, నాచుమొక్కలను పరిశోధించు ఎల్స్‌వర్త్ హిల్ అను పాదిరితో పరిచయము కలిగెను. ఆయన ఆమెకు సూక్ష్మదర్శినిని వాడుట నేర్పెను. ఆమె ఆయన వ్యాసములకు బొమ్మలు గీసెను. ఆ నేర్పుచేతనే 1903లో వాషింగ్టన్ నగరమున వ్యవసాయశాఖలో చిత్రకారిణిగా ఉద్యోగము పొందెను.

పని ముగిసిన పిదప ఎండుగడ్డి నమూనాల భాండాగారమున కూర్చుండి ఆమె చదువుకొనెను. గడ్డిని గుర్తించుట సులభము కాదు. దానికి కంటి కింపగు పువ్వు లుండవు. చిఱుకంకిని కప్పు పొలుసులపై ఈనె లెన్ని, నూగు కలదా లేదా, ఆకు కాండమును కలియుచోట నుండు పొర ఎట్టిది అని అద్దముతో చూడవలెను. మన వరిగ, సామ చేరిన పానికమ్ ప్రజాతిని గూర్చి హిచ్‌కాక్ పండితునితో గూడి 1910లో ఆమె ప్రకటించిన గ్రంథము అట్టి ఓర్పునకు ఫలము. శాస్త్రమెఱుగని సామాన్యులకై 1922లో తృణములపై ఒక ప్రథమపుస్తకమును రచించెను.

స్త్రీయగుటచే పనామా పరిశోధనయాత్రలో ఆమెకు చోటు దొరకదయ్యెను. వెనుదీయక 1913లో స్వంతఖర్చుతో పోర్టోరికో దీవికి పోయెను. పిదప రెండుమాఱులు బ్రెజిల్ దేశమున సంచరించి వేలకొలది నమూనాలు తెచ్చెను. స్త్రీలకు వోటుహక్కు కోరి చెఱసాలయందు నిరాహారవ్రతము పట్టెను. 1939లో ఉద్యోగవిరమణ చేసియు, 1963లో మరణించువఱకు జీతము లేకయే తృణసేవ సాగించెను.

పేరు తెలియని గడ్డి కలుపుగా దున్నబడును. తునుకనేలలో మిగిలినది అరుదైన జాతియా, ఎల్లెడల మొలచునదియా అని తేలనిదే దానిని కాపాడుటకు ఎవరును పూనుకొనరు. తేల్చుటకు సరిచూచుకొను నమూనా కావలెను. ఆమె పేరుపెట్టి భద్రపఱచిన నమూనాలు స్మిత్సోనియన్ సంస్థయందు నేటికిని ఉన్నవి.

విద్యార్థులారా, మన ఆటస్థలపు అంచున ఎన్ని విధముల గడ్డి మొలచుచున్నదో ఎన్నడైన లెక్కించితిరా? అందులకు ఒక భూతద్దమును, కొంత ఓర్పును చాలును.