శ్రామిక న్యాయవేత్త బాబాసాహెబ్

బాబాసాహెబ్ అంబేద్కర్ గారిని మనం రాజ్యాంగ నిర్మాతగా, నాగపూర్‌లో ధమ్మమార్గం చూపిన బోధిసత్వునిగా స్మరిస్తాం. యజమానికీ కార్మికునికీ నడుమ న్యాయాన్ని చట్టంగా మలచిన ఆయన కృషిని తక్కువగా తలుస్తాం. అందులో కొంత కలకత్తాతో ముడిపడి ఉన్నందున దానిని ఇక్కడ వివరించదలచాం.

1891 ఏప్రిల్ 14న మహూలో జన్మించిన భీమరావు గారికి ఉద్యోగపు ఒప్పందమంటే ఏమిటో స్వానుభవమే నేర్పింది. బరోడా సంస్థానపు విద్యార్థివేతనానికి ప్రతిగా పదేళ్లు అక్కడ కొలువు చేస్తానని 1913లో సంతకం చేశారు. 1917లో చేరగా, బంట్రోతులు కాగితాలను దూరం నుండే విసిరారు. పట్టణంలో నిలువ నీడ దొరకలేదు. పారశీకుల వసతిగృహంలో మారుపేరుతో తలదాచుకుంటే, కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. సంతకం చేసినవాని గౌరవాన్ని ఆ పత్రం కాపాడలేకపోయింది.

1923లో బొంబాయి హైకోర్టులో న్యాయవాదవృత్తి ప్రారంభించారు. 1925 నుండి 1928 వరకు ఒక అకౌంటెన్సీ విద్యాసంస్థలో వర్తక న్యాయం బోధించారు. ఒప్పందాల శాస్త్రంపై ఆ పట్టు 1938లో అక్కరకు వచ్చింది. ఆ ఏడు బొంబాయి శాసనసభలో పారిశ్రామిక వివాదాల బిల్లు వచ్చింది. రాజీ ప్రక్రియ ముగియకముందు సమ్మె చేస్తే శిక్షించాలన్నది అందులోని ప్రతిపాదన. పని మానడం ఒప్పందాన్ని మీరడమే గనుక దానికి సివిల్ బాధ్యత ఉండవచ్చునని, దానిని నేరంగా శిక్షిస్తే మనిషిచేత బలవంతపు చాకిరీ చేయించడమేనని, అది దాస్యమని ఆయన వాదించారు. నవంబరు 7న కార్మికులు ఒకరోజు సమ్మె చేశారు. అయినా బిల్లు చట్టమైంది.

1942లో వైస్రాయి మండలిలో కార్మిక సభ్యులయ్యారు. 1943 డిసెంబరులో ధన్‌బాద్ గనుల్లోకి స్వయంగా దిగి చూశారు. యుద్ధకాలంలో స్త్రీలను భూగర్భంలో పనికి అనుమతించినందుకు ఆయన శాఖ విమర్శకు గురైంది. 1946లో ఆ నిషేధాన్ని పునరుద్ధరించారు. 1945 జనవరి 3న కలకత్తాలో దామోదర్ లోయ పథకంపై జరిగిన సమావేశంలో ప్రసంగించారు. 1946లో కర్మాగారాల పని వారానికి 54 గంటల నుండి 48 గంటలకు తగ్గింది.

అదే ఏడు వచ్చిన స్టాండింగ్ ఆర్డర్ల చట్టం మా దృష్టిలో మరింత ముఖ్యం. 100 మంది, అంతకు మించి కార్మికులున్న చోట పనివేళలు, సెలవులు, దుష్ప్రవర్తన, తొలగింపు వంటి నిబంధనలను యజమాని రాతపూర్వకంగా ప్రకటించాలని ఆ చట్టం నిర్దేశించింది. కార్మికుల అభ్యంతరాలు విన్న మీదటనే అధికారి వాటిని ధ్రువీకరించవలసి ఉండేది. అధిక సంఖ్యాకులకు తెలిసిన భాషలోనూ వాటిని ప్రదర్శించవలసి ఉండేది. గంజాం, విశాఖ జిల్లాల నుండి టిటాగఢ్ జనపనార మిల్లులకు వలస వచ్చిన మన తెలుగు కూలీల వంటివారికి ఇది ఎంతటి అండయో ఊహించవచ్చు.

1946 జూలైలో బెంగాల్ శాసనసభ్యులు ఆయనను రాజ్యాంగసభకు ఎన్నుకున్నారు. వెట్టిచాకిరీని నిషేధించిన రాజ్యాంగపు 23వ అధికరణంలో 1938 నాటి వాదపు ఛాయ మాకు కనిపిస్తుంది. 1950లో బుద్ధధర్మ భవిష్యత్తుపై ఆయన వ్యాసాన్ని కలకత్తా మహాబోధి సభ పత్రిక ప్రచురించింది. 1956 అక్టోబరు 14న ఆయన దీక్ష స్వీకరించారు. డిసెంబరు 6న పరినిర్వాణం చెందారు.

సేవకునికి శక్తికి తగిన పని, తిండి, వేతనం, జబ్బులో ఆదరణ, తగిన విరామం ఇవ్వాలని సిగాలోవాద సుత్తంలో తథాగతుడు గృహస్థునికి బోధించాడు. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ 100 అన్న పరిమితిని 300కు పెంచింది. కాబట్టి చిన్న సంస్థల్లో పనిచేసే మన బిడ్డలు తమ నియామక షరతులను రాతలో అడిగి తీసుకోవాలి. మనలో యజమానులైనవారు అడగకముందే ఇవ్వాలి. బాబాసాహెబ్‌కు మనం ఇవ్వగల నివాళి అదేనని భావిస్తున్నాం.