పెస్టలాజీ మహాశయుఁడు

కళాశాలలోఁ జదువుకొనుచున్న యువకుని నీ వేమి కాఁదలఁచితివని యడిగినచో, వైద్యుఁడననియో, న్యాయవాదిననియో, ఇంజనీరుననియో చెప్పును గాని, బడిపంతులు నయ్యెదనని చెప్పుట యరుదు. ఇది మన దేశమునందు మాత్రమే యున్న విషయము కాదు. స్విట్జర్లండు దేశమున జూరిక్ నగరపుఁ గళాశాలలోఁ బదునెనిమిదవ శతాబ్దమునఁ జదివిన యొక విద్యార్థియు నిట్లే తలఁచెను. అతఁడు మొదట మతబోధకుఁడు కాఁగోరెను. పిదప న్యాయవాది కాఁగోరెను. ఆ పిదప సేద్యము చేసెను. సేద్యము చెడిన మీఁదట గ్రంథకర్త యయ్యెను. ఐరోపాఖండపు బడుల రూపమునే మార్చిన గురువుగా లోక మెఱిఁగిన యోహాన్ హైన్రిఖ్ పెస్టలాజీ యాతఁడే.

పెస్టలాజీ 1746వ సంవత్సరము జనవరి 12వ తేదీని జూరిక్ నగరమున జన్మించెను. తండ్రి శస్త్రవైద్యుఁడు. కుమారునకు ఐదేండ్ల ప్రాయమున, 1751లో, ఆయన గతించెను. మరణశయ్యపై నుండి యాయన తన యింటి పనికత్తెయగు బాబెలిని బిలిచి, భార్యాబిడ్డలను విడిచి పోవలదని వేఁడుకొనెనఁట. ఆ పల్లెపడుచు మాట యిచ్చెను. ఇచ్చిన మాటను బ్రదికినంతకాలము నిలుపుకొనెను. ఆ కుటుంబమునకుఁ బరువు కలదు గాని ధనము లేదు. జోళ్లరుగునని, బట్టలు చినుఁగునని, బాబెలి పిల్లలను వీథిలోనికిఁ బోనిచ్చెడిది కాదు. పల్లెవాండ్రు సంత ముగించుకొని తిరిగిపోవువేళకుఁ బోయి, చౌకగా దొరకిన కూరలను గొని తెచ్చెడిది. తల్లి చేతను బనికత్తె చేతను బెంపఁబడిన యా బాలుఁడు తోడివారితో నాడుట నేర్వలేదు. గృహమే తొలి పాఠశాలయనియు, తల్లియే తొలి గురువనియు నాతఁ డుత్తరకాలమున బోధించిన దానికి మూలము ఈ యింటనే కలదని నా యభిప్రాయము.

బడిలో నాతఁడు తోడిపిల్లలకుఁ బరిహాసపాత్రుఁడై యుండెను. వానికి వారొక వెక్కిరింత పేరును బెట్టిరి. వ్రాఁత బాగుండెడిది కాదు. వర్ణక్రమమునఁ దప్పులు దొరలుచుండెను. ఈ రెండు లోపములును వానిని గడపటివఱకు విడువలేదు. ఒకనాఁడు భూమి కంపింపఁగా ఉపాధ్యాయులును విద్యార్థులును భయపడి వెలుపలికిఁ బరుగెత్తిరఁట. లోపల విడిచి వచ్చిన టోపీలను, పుస్తకములను దెచ్చుట కెవ్వఁడును సాహసింపకుండఁగా, అందఱును నవ్వు నీ బాలుఁడే లోనికిఁ బోయి తెచ్చెనని చెప్పుదురు.

సెలవులలోఁ బెస్టలాజీ తాతగారి యింటికిఁ బోవుచుండెను. ఆయన హోంగ్ అను పల్లెయందు మతాచార్యుఁడు. తాతగారు రోగులను బేదలను జూడఁబోవునప్పుడు మనుమనిని వెంటఁ గొనిపోయెడివారు. పల్లెలలోని దారిద్ర్యమును, దారిద్ర్యముతోఁ గూడిన యజ్ఞానమును బెస్టలాజీ యట్లు కన్నులారఁ జూచెను. తానును దాతగారివలె మతాచార్యుఁడై పేదలకుఁ దోడ్పడవలెనను కోరిక వానికిఁ బొడమిన దిచ్చటనే.

జూరిక్ కళాశాలయందు బోడ్మర్ అను పండితుఁడు చరిత్రను బోధించుచుండెను. ఆయన శిష్యులు కొందఱు దేశాభిమానుల సంఘమొకటి యేర్పఱచుకొని, అధికారుల యన్యాయములను విమర్శించుచుండిరి. పెస్టలాజీయు నందుఁ జేరెను. 1762లో వెలువడిన రూసో పండితుని ఎమీల్ అను గ్రంథము వాని చేతఁ బడినది. ప్రకృతి ననుసరించి బిడ్డలను బెంపవలెనను నా గ్రంథములోని మాట వాని మనస్సును గలఁచివేసెను. మతబోధకవృత్తిని విడిచి, ధర్మశాస్త్రముఁ జదివి, న్యాయస్థానమునఁ బేదల పక్షమున వాదింపవలెనని తలఁచెను. 1767లో మిత్రుఁడొకఁడు ప్రభుత్వమునకు వెఱచి పాఱిపోఁగా, దానికిఁ దోడుపడెనను ననుమానమున నధికారులు పెస్టలాజీని గొన్నిదినములు నిర్బంధమునం దుంచిరి. అంతటితో రాజకీయోద్యోగములకు దారి మూసికొనిపోయినది. విద్యార్థిదశలో నొక్కొక్కఁడు తన భవిష్యత్తును గూర్చి యెన్ని మేడలు కట్టుకొనును! పెస్టలాజీ కట్టినవన్నియు నిరువదియొక్క యేఁట నొక్కసారిగాఁ గూలినవి.

ఆ దినములలోనే బ్లున్ట్‌ష్లీ యను ప్రియమిత్రుఁడు క్షయరోగమున మరణించెను. అవసానకాలమున నాతఁడు పెస్టలాజీతో, నీవు మనుష్యులను మిక్కిలి నమ్ముదువు, గొప్ప వ్యవహారములలోఁ దలదూర్పవలదని హెచ్చరించి పోయెనఁట. ఆ హెచ్చరికను బెస్టలాజీ గౌరవించెనే గాని యాచరింపలేదు.

వ్యవసాయమునఁ దాను మేలుపడి, చుట్టుపట్ల రైతులకు మార్గము చూపవలెనని తలఁచి, బెర్న్ ప్రాంతమునఁ జిఫెలి యను ననుభవజ్ఞునియొద్దఁ గొన్ని మాసములు సేద్యము నేర్చెను. బిర్ గ్రామసమీపమున నప్పు చేసి భూములు కొని, యిల్లు కట్టి, దానికి నొయెహోఫ్ అని పేరు పెట్టెను. 1769లో ఆన్నా షుల్తెస్‌ను వివాహమాడెను. ఆమె సంపన్నుని కూఁతురు. వానికంటె నించుమించు ఎనిమిదేండ్లు పెద్దది. తలిదండ్రుల కిష్టములేకున్నను ఆమె యీ పేదయువకునే వరించి, తన సొమ్మంతయు వాని ప్రయత్నములకుఁ బోయుచు, దాదాపు 46 సంవత్సరములు వానితోఁ గష్టములనుభవించెను. పెస్టలాజీ చరిత్రను వ్రాయువారు ఈ యిల్లాలిని గూర్చి రెండు పంక్తులతో ముగించుట న్యాయముగాఁ దోఁపదు. భూమి మంచిది గాదు, లెక్క తెలియదు, ఋణదాతలు చుట్టుముట్టిరి. కొలఁది సంవత్సరములలో సేద్యము చెడినది.

1770లో నొక కుమారుఁడు గలిగెను. రూసోమీఁది గౌరవముచేత వానికి జాన్ జాక్ అనియే పేరిడి, ఎమీల్ గ్రంథము చెప్పినట్లు పెంపఁజూచెను. పదునొకండేండ్లు వచ్చినను ఆ బిడ్డకుఁ జదువను వ్రాయను జక్కఁగా రాలేదు. మూర్ఛరోగపీడితుఁడై యాతఁడు 1801లో మరణించెను. లోకపు బిడ్డలకు మార్గము చూపిన గురువు తన బిడ్డయెడ మార్గము తప్పెనని కొందఱందురు. ఆ మాట కఠినమే గాని యసత్యము కాదు. గ్రంథములోని పద్ధతిని బిడ్డపై మోపుట వేఱు, బిడ్డను జూచి పద్ధతి నేర్చుట వేఱు అని పెస్టలాజీ యింత మూల్యము చెల్లించి తెలిసికొనెను.

1774లో నొయెహోఫ్‌లోనే బిచ్చమెత్తుకొను బాలబాలికలను జేర్చి, నూలు వడకుట, నేఁత, తోఁటపని నేర్పుచుఁ, జేతులు పనిచేయుచుండఁగానే చదువు చెప్ప నారంభించెను. పిల్లల సంఖ్య 30 దాఁటెను. వారి శ్రమచేతనే సంస్థ సాగునని యాతని లెక్క. ఆ లెక్కయుఁ దప్పెను. ఆదివారము తలిదండ్రులు వచ్చి, క్రొత్తబట్టలు తొడిగియున్న పిల్లలను మెల్లగాఁ దీసికొనిపోయెడివారు. 1780లో సంస్థ మూఁతపడెను.

తరువాత పదునెనిమిదేండ్లు వానికిఁ గలమే యాధారము. 1781లోఁ బ్రకటించిన లియోనార్డ్, గెర్ట్రూడ్ అను కథ ఐరోపాయంతటను బేరు తెచ్చినది. త్రాగుఁబోతైన భర్తను, గ్రామమును సద్బుద్ధిచేఁ జక్కఁబఱచిన యొక పేద యిల్లాలి కథ యది. జనులు కథను మెచ్చిరి. కథలోని విద్యావిధానమును బట్టించుకొనలేదు. 1792లో ఫ్రెంచి ప్రభుత్వము వానికి గౌరవపౌరత్వ మిచ్చెను. ఇంటియొద్దఁ బొరుగువారు మాత్రము, తన సంసారమునే దిద్దుకొనలేనివాఁ డితరులనేమి యుద్ధరించునని నవ్వుచునే యుండిరి.

1798 సెప్టెంబరులో ఫ్రెంచి సైన్యము స్టాన్స్ పట్టణముపైఁ బడి ఘోరవధ చేసెను. దిక్కులేని బిడ్డలు వీథులఁ బడిరి. ప్రభుత్వము వారికై యనాథశాల యేర్పఱపఁదలఁచి, యెవ్వరు పోయెదరని చూడఁగా, పెస్టలాజీ తాను బోయెదననెను. 1799 జనవరి 14వ తేదీని బిడ్డలు చేరిరి. ఆ దినమునకు వానికి 53 ఏండ్లు నిండి రెండుదినములైనది. సన్న్యాసినుల మఠములో నొక భాగ మీయఁబడెను, గోడలపని ముగియలేదు, సున్నపు దుమ్ము లేచుచుండెను, వంటయి ల్లమరలేదు. కొందఱు గజ్జితోను, కొందఱు తలపుండ్లతోను, కొందఱు చర్మము నెముకలే మిగిలియు వచ్చిరి. త్వరలోనే సంఖ్య సుమారు 80 అయ్యెను. ఇంటిపనికొక స్త్రీ తప్ప వేఱు సహాయము లేదు. పుస్తకములు లేవు. వారితోఁ దినెను, వారి నడుమఁ బరుండెను, వారి పుండ్లు కడిగెను. ఆ ప్రాంతమువారు కాథొలిక్కులు. ఈతఁడు ప్రొటెస్టంటు, పైఁగాఁ దమ్ముఁ జంపించిన ప్రభుత్వము పంపినవాఁడు. కనుక తలిదండ్రులు వానిని శంకతోనే చూచిరి. బిడ్డలు మాత్రము కొలఁదివారములలో మాఱిరి. ఒకఁడు తనకుఁ దెలిసిన యక్షరములను బ్రక్కవాని భుజముపైఁ జేయివేసి నేర్పుచుండెడివాఁడు. ఆల్ట్‌డోర్ఫ్ పట్టణము తగులఁబడఁగా, అచ్చటి యనాథలను గొందఱిని జేర్చుకొందమా, అప్పుడు మీకుఁ దిండి తగ్గును, పని హెచ్చునని వివరించి పెస్టలాజీ బిడ్డలనే యడిగెను. బిడ్డలు రానిండనిరి. జూన్ 8వ తేదీని, గాయపడిన సైనికులకై భవనము కావలసి, శాల మూయఁబడెను. అయిదుమాసములైనను బూర్తిగా నిండలేదు. నెత్తురు గ్రక్కుకొనుచు వాఁ డొక కొండయూరికి విశ్రాంతికై పోవలసి వచ్చెను.

ఈ వ్యాసము వ్రాయు నేను ఈ యేఁడు పట్టపరీక్ష ముగించి యుపాధ్యాయశిక్షణకుఁ బోవ నిశ్చయించుకొన్నవాఁడను. వేఱు పని దొరకలేదాయని బంధువులడుగుచున్నారు. పెస్టలాజీకి సమాధానము స్టాన్స్‌లో దొరకినది. నాకది యే బడిలో దొరకునో యింకను దెలియదు. కాని వేఱుపనులు దొరకక యాతఁ డచ్చటికిఁ బోయెనని చెప్పుటకు వీలులేదు. ప్రభుత్వమున నున్న మిత్రులు వానికిఁ దగిన యుద్యోగ మీయ సిద్ధముగనే యుండిరి.

స్వస్థుఁడై బుర్గ్‌డోర్ఫ్ పట్టణమునకుఁ బోయి, చెప్పులుకుట్టు వృత్తిగల యొక పంతులు నడుపుచున్న పేదలబడిలో సహాయకుఁడుగాఁ జేరెను. ఈ క్రొత్త ప్రయోగములను ధనికులు తమ పిల్లలమీఁదనే చేసికొనవచ్చును గదాయని తలిదండ్రు లాక్షేపింపఁగా, వానిని వేఱొక బడికి మార్చిరి. అచ్చటఁ జిన్నపిల్లల పురోభివృద్ధిఁ జూచి పరీక్షకు లాశ్చర్యపడిరి. 1800లోఁ గోటలోనే వానికి స్థానము లభించెను. మాటలు వల్లించుటకు ముందు వస్తువును జూడవలెను; లెక్కకు ముందు గింజలను లెక్కింపవలెను; అక్షరమునకు ముందు గీఁతలను గీయవలెను; ఇది వాని మార్గము. ఒకప్పుడు నిచ్చెన పటమును జూపి పాఠము చెప్పుచుండఁగా, దొడ్డిలో నిజమైన నిచ్చెన యుండఁగాఁ బటమెందులకని యొక బాలుఁడడిగెనఁట. గురువు కోపింపలేదు. ఆ శిష్యుని మాటయే సరియని యొప్పుకొనెను. 1801లో తన పద్ధతిని వివరించు గ్రంథమును బ్రకటించెను.

1805 మొదలు 1825 వఱకు ఇవెర్డాన్ కోటలో నడచిన పాఠశాలకు ఐరోపా నలుమూలలనుండి జనులు వచ్చిరి. ప్రష్యా ప్రభుత్వము యువకోపాధ్యాయులను బంపెను. కిండర్‌గార్టెను స్థాపకుఁడైన ఫ్రీబెల్ 1808 నుండి రెండేండ్లచ్చట నుండెను. మన చెన్నపట్టణముతో సంబంధముగల యొక దొరయు 1816లో వచ్చెను. ఆయన ఆండ్రూ బెల్. ఎగ్మూరులోని సైనికుల యనాథశాలను నడుపుచు, ఇచ్చటి వీథిబడిలోఁ బిల్లలు ఇసుకలో వ్రాయుటఁ జూచి, పెద్దపిల్లలచేఁ జిన్నవారికిఁ జదువు చెప్పించు పద్ధతిని ఇంగ్లండునకుఁ గొనిపోయినవాఁడు. వారిరువురును గలిసికొనిరి గాని బెల్‌కుఁ బెస్టలాజీ మార్గము రుచింపలేదు. ఒకరిది వందలమందిని జౌకగా నడపు యంత్రము. రెండవవారిది బిడ్డ నొక్కొక్కనిఁ జూచు కన్ను.

ఇవెర్డాన్ కీర్తి వెనుకఁ గలహము పెరిగెను. సహోపాధ్యాయులగు నీడెరర్, ష్మిడ్ లొకరినొకరు సహింపరైరి. పేదలకై జీవించినవాని బడి సంపన్నుల బిడ్డలతో నిండుట వాని నెప్పుడును బాధించుచుండెను. 1815 డిసెంబరులో ఆన్నా మరణించెను. 1818లోఁ దన గ్రంథముల యాదాయముతోఁ గ్లిండీలోఁ బేదపిల్లల బడి తెఱచెను, అదియు నిలువలేదు. 1825లో ఇవెర్డాన్ మూసి నొయెహోఫ్ చేరెను. ఎనుబదియొక్క యేండ్ల ప్రాయమున, 1827 ఫిబ్రవరి 17వ తేదీని బ్రుగ్ పట్టణమున మరణించెను.

బిర్ గ్రామపు బడి ప్రక్కనే వానిని సమాధి చేసిరి. 1846లో, శతజయంతి సంవత్సరమున, ఆర్గావ్ రాష్ట్రమువా రచ్చటఁ గ్రొత్త పాఠశాలాభవనము కట్టించి, సమాధివైపు గోడకే స్మారకచిహ్నమును నిర్మించిరి.