గాలి టైరు డన్లప్

మా హాస్టల్ నుండి హైస్కూలు మూడు కిలోమీటర్లు. మా నలుగురికీ కలిపి ఉన్నది ఒకే సైకిలు. ఇద్దరు ఎక్కితే ఇద్దరు నడవాలి, సగం దారిలో మారాలి. పదో తరగతి పరీక్షలు దగ్గర పడిన రోజుల్లో ఒక వారం పాటు ప్రతి ఉదయం వెనక టైరు చప్పబడి కనిపించేది. ముల్లు లేదు, మేకు లేదు. షాపులో ట్యూబు విప్పి నీళ్ళ బేసిన్‌లో ముంచితే బుడగలు వచ్చేవి, ప్యాచ్ వేసేవారు, మర్నాటికి మళ్ళీ అదే కథ. ఎవరో కావాలని గాలి తీస్తున్నారని పక్క గది వాళ్ళను అనుమానించి మాటలు కూడా మానేశాము.

మూడోసారి షాపు బాబాయి ప్యాచ్ డబ్బా తెరవకుండా రిమ్ము లోపలి వైపు వేలు పెట్టి చుట్టూ నిమిరాడు. రంధ్రం పడుతున్నది రోడ్డు వైపు కాదు, లోపలి వైపు. రిమ్ము మీద ఉండవలసిన పట్టీ చినిగిపోయి, ఒక స్పోకు కొన ట్యూబును పొడుస్తోంది. పాత ట్యూబు నుండి సన్నటి పట్టీ కోసి రిమ్ము చుట్టూ వేశాడు. ఆ రోజుతో గొడవ తీరింది. పక్క గది వాళ్ళతో మాత్రం తీరడానికి ఇంకో వారం పట్టింది. అసలు ఈ గాలి టైరు ఎవరి పుణ్యమని అడిగితే బాబాయి డన్లప్ పేరు చెప్పాడు. అంతకు మించి ఆయనకూ తెలియదు. మేము వెతికి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాము.

జాన్ బాయ్డ్ డన్లప్ 1840 ఫిబ్రవరి 5న స్కాట్లాండులోని డ్రెగ్‌హార్న్ అనే ఊరిలో, వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. ఆయన ఇంజనీరు కాదు, పశువుల డాక్టరు. ఎడిన్‌బరోలో పశువైద్యం చదివి, 1867లో ఐర్లాండు వెళ్ళి స్థిరపడ్డారు. బెల్‌ఫాస్ట్ నగరంలో ఆయన వైద్యశాల ఆ దేశంలోని పెద్ద పశువైద్యశాలల్లో ఒకటిగా పేరు పొందింది.

ఆయన కొడుకు జానీకి ఒక మూడు చక్రాల సైకిలు ఉండేది. ఆ రోజుల్లో సైకిళ్ళకు గట్టి రబ్బరు టైర్లు ఉండేవి, లోపల గాలి ఉండేది కాదు. బెల్‌ఫాస్ట్ వీధుల్లో పరచినవి రాళ్ళు. వాటి మీద తొక్కితే ఒళ్ళంతా అదురుతుంది. కొడుకు బాధ చూసిన డన్లప్ 1887లో పలుచటి రబ్బరు రేకుతో ఒక గొట్టం తయారుచేసి, చెక్కతో చేసిన గుండ్రటి పలకకు బిగించి, ఫుట్‌బాల్ పంపుతో గాలి కొట్టారు. తరువాత పెరట్లో రెండు చక్రాలను దొర్లించి చూశారు. సైకిలు నుండి తీసిన మామూలు చక్రం కొంత దూరం పోయి పడిపోయింది. గాలి చక్రం పెరడంతా దాటి గేటు స్తంభానికి కొట్టుకుని వెనక్కు ఎగిరింది. మెత్తదనం కోసం చేసిన వస్తువు వేగాన్ని కూడా ఇస్తుందని అప్పుడు తెలిసింది.

1888లో ఆయనకు పేటెంటు లభించింది. లావుపాటి టైర్లను చూసి మొదట జనం నవ్వారట. 1889 మే 18న బెల్‌ఫాస్ట్ క్వీన్స్ కాలేజీ క్రీడా మైదానంలో విల్లీ హ్యూమ్ అనే సైకిలు వీరుడు ఆ టైర్లతో దిగి, పాల్గొన్న నాలుగు పందేలూ గెలిచాడు. ఓడిపోయిన వారిలో హార్వే డ్యూక్రో అనే డబ్లిన్ వ్యాపారి కొడుకులు ఉన్నారు. ఆ తండ్రి దుఃఖపడుతూ కూర్చోలేదు. అదే ఏడాది డన్లప్‌తో కలిసి టైర్ల కంపెనీ పెట్టాడు.

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. డన్లప్ పేటెంటు చెల్లదని 1890లో తేలింది. రాబర్ట్ విలియం థామ్సన్ అనే మరో స్కాట్లాండు వాడు 1845లోనే గాలి టైరుకు పేటెంటు తీసుకుని ఉన్నాడు. గుర్రపు బండ్లకు ఆ టైర్లు బిగించి లండన్‌లో నడిపి చూపించాడు కూడా. అప్పటికి సైకిళ్ళు లేకపోవడంతో దానిని ఎవరూ పట్టించుకోలేదు. అతడు 1873లో మరణించాడు. డన్లప్‌కు ఈ సంగతి తెలియదు. తెలియక చేసినా, ముందు చేసిన వాడు ముందున్నట్టే కదా అని మాలో ఇద్దరు, వాడుకలోకి తెచ్చిన వాడిదే ఘనత అని ఇద్దరు రాత్రి స్టడీ అవర్‌లో వాదించుకుని వార్డెన్ గారి చేత చీవాట్లు తిన్నాము.

మొదటి డన్లప్ టైరుకు ఒక పెద్ద లోపం ఉంది. దానిని గుడ్డతో రిమ్ముకు చుట్టి అంటించేవారు. పంక్చర్ అయితే అంతా పీకి, బాగుచేసి, మళ్ళీ అంటించి ఆరబెట్టాలి. సులువుగా విప్పే టైరు వేరేవాళ్ళ తెలివి. అంచులో తీగ ఉండే టైరును 1890లో వెల్చ్ రూపొందించాడు, ఆ హక్కులను డన్లప్ కంపెనీ కొనుక్కుంది. ఫ్రాన్సులో మిషెలిన్ సోదరులు 1891లో విప్పి తొడిగే టైరు చేశారు. తమ టైరు ఎంత తొందరగా బాగవుతుందో చూపించాలని 1892లో వారు పెట్టిన పందెంలో దారి మీద కావాలనే మేకులు చల్లించారు. పంక్చర్లకు మేము విన్న కారణాలన్నింటిలో ఇంత విడ్డూరమైనది ఇంకొకటి లేదు.

మన సైకిళ్ళకు ఉండే వాల్వును కూడా డన్లప్ వాల్వు అంటారు. నిజానికి అది వుడ్స్ అనే ఆయన చేసింది. ఇనుప పిన్ను పక్కన చిన్న రంధ్రం, దాని మీద సన్నటి రబ్బరు వాల్ ట్యూబు. పంపు కొడితే ఆ రబ్బరు పక్కకు జరిగి గాలిని లోపలికి పోనిస్తుంది, ఆపగానే లోపలి ఒత్తిడికి అతుక్కుని దారి మూసేస్తుంది. ఎండకు అది పగిలితే ట్యూబులో ఒక్క చిల్లు లేకపోయినా తెల్లారేసరికి గాలి ఉండదు. వాల్వు మూతి మీద కాస్త ఉమ్మి రాసి చూస్తే బుడగ లేస్తుంది. టైరులో విరిగిన తుమ్మ ముల్లు కొన ఉండిపోయినా అంతే, ఎన్ని ప్యాచ్‌లు వేసినా వృథా. లోపలి వైపు గుడ్డ పెట్టి తుడిస్తే ముల్లు గుడ్డకు తగులుకుంటుంది. గాలి తక్కువ ఉన్నప్పుడు ఇద్దరు ఎక్కి రాయి మీదికి పోనిస్తే రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. ఈ చివరిది మా స్వంత అనుభవం.

డన్లప్ తన హక్కులను డ్యూక్రోకు అప్పగించి, కంపెనీలో 1,500 వాటాలు తీసుకున్నారు. 1895లో కంపెనీ నుండి తప్పుకున్నారు. మరుసటి ఏడాదే డ్యూక్రో ఆ కంపెనీని 30 లక్షల పౌండ్లకు అమ్మాడు. పేరు పెట్టిన మనిషికి అందులో పెద్దగా దక్కలేదు. చివరి రోజుల్లో ఆయన డబ్లిన్‌లో బట్టల వ్యాపారం చూసుకున్నారు. 1921 అక్టోబరు 23న అక్కడే మరణించారు. ఆయన పేరు మాత్రం మన దేశం దాకా వచ్చింది. పశ్చిమ బెంగాల్ హుగ్లీ జిల్లాలోని సాహాగంజ్‌లో 1936లో మొదలైన డన్లప్ ఫ్యాక్టరీ ఎన్నో వేల కుటుంబాలకు అన్నం పెట్టి, తరువాతి కాలంలో మూతపడింది.

డన్లప్ చేసిన మొదటి సైకిలు టైరు ఎడిన్‌బరోలో స్కాట్లాండు జాతీయ మ్యూజియంలో ఉందట. ఎప్పటికైనా వెళ్ళి, దాని మీద ప్యాచ్ ఉందో లేదో చూసి రావాలని మాలో ఒకడి కోరిక.